బొమ్మల పుస్తకం చదివితే చదివినట్టేనా?

మాంగా (అంటే జపాన్ బొమ్మల కథలు), కామిక్స్, గ్రాఫిక్ నవలల (పుస్తకమంత పొడవైన బొమ్మల కథల) గురించి గోదావరి జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలకి ఈసారి జవాబులు. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపేశాం.

మా అబ్బాయి తొమ్మిదో తరగతండి. తెలుగు వాచకం పట్టుకుంటే పది నిమిషాల్లో ఆవలింతలు. మాంగా అయితే అన్నం చల్లారిపోతున్నా లేవడు. వచ్చే ఏడు టెన్త్. ఇది చదవడం కిందకి వస్తుందా? మాన్పించెయ్యాలా?
— ఒక తల్లి, పాలకొల్లు

వస్తుందండి. మాన్పించకండి.

బొమ్మల కథలో సగం పని పాఠకుడిదే. ఒక గడిలో తలుపు గొళ్ళెం మీద చెయ్యి ఉంటుంది, పక్క గడిలో నేల మీద పగిలిన గ్లాసు. తలుపు తీసిందెవరు, గ్లాసు ఎవరి చేతిలోంచి జారింది, మధ్యలో ఎంతసేపు గడిచింది? ఇవేవీ పుస్తకంలో రాసి ఉండవు. ఆ రెండు గడుల మధ్య ఉన్న తెల్లటి ఖాళీలో మీవాడే కథ అల్లుకోవాలి. టెన్త్ పేపర్లో ‘ఈ పాత్ర స్వభావాన్ని విశ్లేషించండి’ అని అడిగేది కూడా చెప్పనిదాన్ని పట్టుకోగలడా అనే. అయితే ఒకటి ఒప్పుకోవాలి. పొడవాటి వాక్యాన్ని చివరిదాకా మోసుకెళ్ళే ఓపిక, వర్ణనలో దొరికే పదసంపద కామిక్స్‌తో పెద్దగా రావు. వాటికి కథలూ నవలలూ చదవాల్సిందే. ఒకటి ఇంకోదానికి బదులు కాదు, అడ్డమూ కాదు.

నిజంగా చదువుతున్నాడా, కొట్లాట బొమ్మలు చూసి తిప్పేస్తున్నాడా అన్నది తెలుసుకోవచ్చు. మాంగా ఒక వాల్యూమ్ సుమారు 190 పేజీలు ఉంటుంది. కుదురుగా చదివితే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. పావుగంటలో ముగించాడంటే తిప్పేశాడన్నమాట. అప్పుడు కూర్చోబెట్టి ప్రశ్నలు వెయ్యకండి, పరీక్ష అనుకుంటాడు. ‘నీకు బాగా నచ్చిన పేజీ ఒకటి చూపించరా’ అనండి. చూపించాక ‘ఇక్కడ వీడి మొహం ఎందుకు గీయలేదు, వీపే ఎందుకు చూపించాడు?’ అని ఒక్కటే అడిగి ఊరుకోండి. మరుసటి పుస్తకం తనంతట తనే నెమ్మదిగా చదువుతాడు.

ఇక లేవకపోవడం సంగతి. చాలా మాంగాలు ముందు వారపత్రికల్లో సీరియల్‌గా వస్తాయి. వారానికి ఇరవై పేజీల చొప్పున ఒక అధ్యాయం. మన వారపత్రికల సీరియళ్ళు చదివినవాళ్ళకి ‘సశేషం’ దగ్గర పడే అవస్థ తెలుసు కదా, ఇక్కడా అంతే. ప్రతి అధ్యాయం చివరి పేజీలో ఒక చిక్కుముడి వేసి వదులుతారు. కాబట్టి ‘ఈ అధ్యాయం అయ్యాక లేచిపో’ అనడం తప్పు లెక్క. లేవడం కష్టమైన చోటే లేవమంటున్నారు. ‘తర్వాత అధ్యాయంలో నాలుగు పేజీలు చదువుకుని అక్కడ ఆపు’ అనండి. మొదటి నాలుగు పేజీల్లో పాత ముడి విడిపోతుంది, కొత్తది ఇంకా పడదు.

‘పాఠం చదివితే కామిక్ ఇస్తా’ అనే బేరం మాత్రం పెట్టకండి. ఒకటి శిక్ష, ఒకటి మిఠాయి అని మనమే నేర్పినట్టవుతుంది. 1947లో చందమామ మొదలైన దగ్గర్నుంచి ఈ రాష్ట్రంలో ఎంతమంది బొమ్మల కోసం పుస్తకం తెరిచి కథలో పడిపోయారో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

మనవడు ఇచ్చిన పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే కథ అయిపోయి ఉంది. వెనక నుంచి చదవాలట. తల తిరిగింది. ఎలా చదవాలో చెప్పండి.
— ఒక తాతగారు, నరసాపురం

జపాన్ వాళ్ళ పుస్తకం కుడి నుంచి ఎడమకి నడుస్తుందండి. ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు మాటలు మారుస్తారు కానీ బొమ్మలు తిప్పరు. తిప్పితే కుడిచేతివాళ్ళంతా ఎడమచేతివాళ్ళయిపోతారు. కిమోనో కుడివైపు మడత పైకి వస్తుంది, జపాన్‌లో అలా కట్టేది శవానికి. అందుకని ఉన్నది ఉన్నట్టే వేస్తున్నారు.

పుస్తకం కుట్టు మీ కుడిచేతి వైపు ఉండేలా పట్టుకోండి. పేజీలో పైన కుడి మూల గడితో మొదలుపెట్టి ఎడమకి వెళ్ళండి, ఆ వరస అయ్యాక కిందకి దిగి మళ్ళీ కుడి నుంచి. గడి లోపల మాటల బెలూన్లకీ ఇదే పద్ధతి. బెలూన్ లోపల ఇంగ్లీషు మాత్రం మామూలుగా ఎడమ నుంచి కుడికే. తికమక అంతా ఇక్కడే, ఇరవై ముప్పై పేజీలకి అలవాటైపోతుంది.

రెండు గడులు ఒకదాని కింద ఒకటి, పక్కన ఒక నిలువు గడి ఉంటే ఏది ముందో తెలియదు. గడుల మధ్య ఖాళీలు చూడండి. పేజీ ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా ఏ ఖాళీ పోతోందో అదే వరస విడగొట్టేది. అంచులు మొనలు తేలిన బెలూన్ అంటే అరుపు. మబ్బులాగా ఉంటే మనసులో మాట. గడుల చుట్టూ తెలుపుకి బదులు నల్లరంగు నిండి ఉంటే సాధారణంగా అది గతంలో జరిగిన కథ. ఈ చివరిది తెలియకే ‘చచ్చిపోయినవాడు మళ్ళీ ఎలా వచ్చాడు’ అని చాలామంది పుస్తకం మూసేస్తారు.

పక్కింటి పిల్లల దగ్గర అమ్మాయి తెచ్చుకున్న మాంగాలో మనుషుల్ని పీక్కుతింటున్న బొమ్మలు చూశాను. దానికి పన్నెండేళ్ళు. ‘ఇది పిల్లలదే నాన్నా, షోనెన్’ అంటోంది. కొనేముందు ఎలా తెలుసుకోవాలి?
— ఒక తండ్రి, భీమవరం

షోనెన్ అంటే అబ్బాయిల కోసం నడిచే పత్రికలో వచ్చిందని మాత్రమే అర్థం. అమ్మాయిల పత్రికలో వస్తే షోజో, పెద్ద మగవాళ్ళదైతే సెయినెన్, పెద్ద ఆడవాళ్ళదైతే జోసెయి. ఇవి అమ్మకం లెక్కలు, వయసు ధ్రువపత్రాలు కావు. మనుషుల్ని తినే రాకాసుల కథ ‘అటాక్ ఆన్ టైటన్’ కూడా షోనెన్ పత్రికలో వచ్చిందే.

మీరు చూడాల్సింది వెనక అట్ట మీద, బార్‌కోడ్ దగ్గర. మన దగ్గర ఎక్కువగా దొరికే విజ్ సంస్థ పుస్తకాల మీద నాలుగు గుర్తులు ఉంటాయి. ‘ఆల్ ఏజెస్’ ఎవరైనా చదవచ్చు, ‘టీన్’ 13 దాటినవాళ్ళకి, ‘టీన్ ప్లస్’ 16 దాటినవాళ్ళకి, ‘మెచ్యూర్’ 18 దాటినవాళ్ళకి. ఇంకొన్ని సంస్థలు అంకెలే వేస్తాయి. ఇంటర్ పిల్లలు ఎగబడే ‘డెత్ నోట్’ 12 వాల్యూములు, టీన్ ప్లస్. అందులో రక్తం తక్కువే. కానీ పేరు రాస్తే మనిషి చచ్చిపోయే పుస్తకం దొరికిన కుర్రాడి కథ అది, ఆ బరువు పన్నెండేళ్ళ పిల్లకి ఎందుకు?

గుర్తు చూడటంతో సరిపెట్టుకోవద్దు. సిరీస్ ముందుకెళ్ళే కొద్దీ ముదురుతుంది. మొదటి వాల్యూమ్ నవ్వులాటగా ఉండి పదోదానికి చావులు మొదలయ్యే కథలు బోలెడు. షాపులో ఉంటే మొదటిదీ, దొరికినవాటిలో చివరిదీ రెండూ తిరగేయండి. పేరు చూసి మోసపోవద్దు కూడా. జపాన్ మాంగా రచయిత ఒసాము తెజుకా ‘బుద్ధ’ ఇంగ్లీషులో ఎనిమిది వాల్యూముల గొప్ప రచన. అయితే భక్తి పుస్తకం అనుకుని ఆరో తరగతి పిల్ల చేతిలో పెడితే తర్వాత మీరే ఇబ్బంది పడతారు. వంటిమీద గుడ్డల విషయంలో ఆయన పట్టింపులేని మనిషి.

మీ అమ్మాయి దగ్గర ఆ పుస్తకం లాక్కోకండి. ‘ఇది నాలుగేళ్ళు ఆగి చదువుదువు గాని, ఈలోపు ఇది చూడు’ అని చేతిలో ఇంకోటి పెట్టండి. ‘యొత్సుబా’ అనే చిన్నపిల్ల సిరీస్ ఉంది. కొత్త ఇల్లు, పక్కింటి వాళ్ళు, వాన, బజారు, అంతే కథ. పన్నెండేళ్ళవాళ్ళకీ, మీకూ కూడా నవ్వొస్తుంది.

మాది రాజోలు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. పూర్వ విద్యార్థులు లైబ్రరీకి 6000 రూపాయలు ఇచ్చారు. పిల్లలు కామిక్స్ అడుగుతున్నారు. ఎక్కువమంది ఇంగ్లీషు తడబడుతూ చదివేవాళ్ళు. ఏం కొనమంటారు?
— తెలుగు ఉపాధ్యాయిని

మేమైతే ఇలా పంచుతాం. తెలుగులో దొరికే బొమ్మల కథలకి 2000. రెండు మాంగా సిరీస్‌ల మొదటి వాల్యూములకి 2500. మాటల్లేని పుస్తకం ఒకదానికి 1000. మిగిలిన 500 పారదర్శక ప్లాస్టిక్ అట్టలకి, టేపుకి, ఒక రిజిస్టరుకి.

తెలుగులో అమర్ చిత్ర కథలు ఉన్నాయి. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన వరస అది. పురాణాలు పిల్లలకి ఎలాగూ తెలుసు కాబట్టి చరిత్ర, జీవిత కథలు ఎక్కువ తీసుకోండి.

మాంగాలో అందరూ చేసే పొరపాటు ఆరు సిరీస్‌లవి ఆరు మొదటి వాల్యూములు కొనడం. రెండోది లేక ఆరుగురూ ఆగిపోతారు. రెండే సిరీస్‌లు ఎంచుకుని ఒక్కోదానివి రెండు మూడు వాల్యూములు తెప్పించండి. ఒక్కోటి ఇప్పుడు 400 నుంచి 600 మధ్య ఉంటోంది. సాయంత్రం స్కూలు గ్రౌండులో వాలీబాల్ నెట్ కట్టే పిల్లలుంటే ‘హైక్యూ’ తీసుకోండి. పొట్టివాడైన కుర్రాడు స్పైకర్ కావాలనుకోవడం కథ, మొత్తం 45 వాల్యూములు, రొటేషనూ బ్లాకింగూ బొమ్మల్లోనే అర్థమవుతాయి. రెండోది ‘సిల్వర్ స్పూన్’. 15 వాల్యూములతో పూర్తయింది. ర్యాంకుల చదువుతో విసిగిపోయిన సప్పోరో నగరం కుర్రాడు హాస్టల్ ఉందని వ్యవసాయ హైస్కూల్లో చేరతాడు. ఆవుల పాలు తియ్యడం, గుడ్లు ఏరడం, తను పేరు పెట్టి పెంచిన పంది చివరికి మాంసమవడం. రచయిత్రి హిరోము అరకావా పాడిరైతుల ఇంట పుట్టిన మనిషి, పేడ వాసన తెలిసి గీసింది. రొయ్యల చెరువు గట్టున పెరిగిన పిల్లలకి ఏ మాంగా అయినా ఇంత దగ్గరగా ఉంటుందనుకోం. షాపులో ఉండకపోవచ్చు, ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి.

మాటల్లేనిది అంటే షాన్ టాన్ ‘ది అరైవల్’, 2006లో వచ్చింది. భార్యనీ బిడ్డనీ వదిలి పొట్టకూటికి పరాయి దేశం వెళ్ళినవాడి కథ. అక్కడి అక్షరాలు అతనికి తెలియవు, రచయిత కల్పించిన లిపి కాబట్టి మనకీ తెలియవు. గల్ఫ్‌కి వెళ్ళిన అమ్మో నాన్నో ఉన్న పిల్లలు మీ క్లాసులో తప్పకుండా ఉంటారు. ఒక్క పేజీ చూపించి తెలుగులో పది వాక్యాలు రాయమనండి, ఇంగ్లీషు అడ్డే రాదు.

మళ్ళీ ఎప్పుడైనా డబ్బు వస్తే ‘భీమాయన’. అంబేద్కర్ జీవితాన్ని గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు, 2011. అందులో చతురస్రపు గడులు లేవు. మంచి మాట బెలూన్ పిట్ట ఆకారంలో ఉంటుంది, కులం పేరుతో విషం కక్కే మాటకి తేలు కొండి ఉంటుంది. ఆ ఒక్క సంగతి మీద ఒక పీరియడ్ మొత్తం పాఠం చెప్పవచ్చు.

ఇంగ్లీషు తడబాటుకి కారణం సగం అక్షరాలు. కామిక్స్‌లో మాటలన్నీ పెద్దబడి అక్షరాల్లో ఉంటాయి, మన పిల్లల కంటికి చిన్నబడి అలవాటు. మొదటి అధ్యాయం మీరే పైకి చదవండి. తర్వాత ఇద్దరిద్దర్ని జత చేసి, ఒకరు ఇంగ్లీషు చదువుతుంటే ఇంకొకరు అదే మాట మన యాసలో చెప్పేట్టు పెట్టండి. ‘ఆయ్, రానండి’ అని ఏదైనా సమురాయ్ అంటే క్లాసంతా నవ్వుతుంది, మాట గుర్తుండిపోతుంది.

గోధుమరంగు కాగితంతో అట్టలు వెయ్యకండి. పిల్లలు పుస్తకాన్ని ఎంచుకునేది అట్ట చూసే. బీరువాలో పెట్టి తాళం వెయ్యడం ఇంకా అన్యాయం. రెండు రాత్రులకి ఇవ్వండి, రెండో వాల్యూమ్ తెచ్చిస్తేనే మూడోది. పోతాయనే భయం సగం ఆ నియమంతోనే తీరుతుంది.

మాంగా చదివితే జపనీస్ వచ్చేస్తుందా?
— ఇంటర్ విద్యార్థి, తణుకు

ఇంగ్లీషు అనువాదం చదివితే రాదు బాబూ, నాలుగు పిలుపులు తప్ప. జపనీస్ నేర్చుకోవాలనుంటే హిరగానా, కటకానా రెండు లిపుల్లో 46 చొప్పున ఉన్న మూలాక్షరాలు ముందు నేర్చుకో. అబ్బాయిల, అమ్మాయిల పత్రికల్లో వచ్చే మాంగాల్లో కష్టమైన కంజి (చైనా నుంచి వచ్చిన లిపి) అక్షరాల పక్కన చిన్న హిరగానాలో ఉచ్చారణ వేస్తారు. అసలు జపనీస్ ప్రతితో మొదలుపెట్టేవాళ్ళకి అదే ఆసరా.

ఒక్కో పుస్తకం 500. ఆన్‌లైన్‌లో అదే 150కి వస్తోంది. ఫ్రెండ్స్ ఫోన్లో ఫ్రీగా చదువుతారు. డబ్బు తక్కువ ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి?
— పదో తరగతి విద్యార్థిని, రావులపాలెం

150ది దొంగ ముద్రణ అమ్మా. గుర్తుపట్టడం తేలిక. మాంగాలో బూడిదరంగు అసలు ఉండదు. దగ్గరగా చూస్తే నల్ల చుక్కలే. అసలు పుస్తకంలో ఆ చుక్కలు విడివిడిగా, గుండ్రంగా కనిపిస్తాయి. దొంగ ప్రతిని స్కాన్ చేసి వేస్తారు కాబట్టి చుక్కలు కలిసిపోయి మచ్చలవుతాయి, లేదా చీర మీద జరీ మెరిసినట్టు అలలు అలలుగా గీతలు తేలతాయి. కుట్టు వైపు మాటలు లోపలికి మింగుకుపోతాయి. రెండుసార్లు తెరిస్తే జిగురు విరిగి పేజీలు చేతికొస్తాయి. మధ్యలో పేజీలే లేకపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

ఫోన్లో చదవాలంటే జపాన్‌లో మాంగా అచ్చువేసే షుయేషా సంస్థ వాళ్ళదే ‘మాంగా ప్లస్’ యాప్ ఉంది, 2019లో వచ్చింది. అందులో నడుస్తున్న సిరీస్‌లకి మొదటి మూడు, తాజా మూడు అధ్యాయాలు ఉచితం. సిరీస్ నచ్చుతుందో లేదో తేల్చుకోడానికి ఆ మూడు చాలు. దొంగ సైట్లలో అనువాదం తప్పులతడక, పైగా ఒక పేజీకి మూడు అసహ్యకరమైన ప్రకటనలు.

చవకైన దారి జట్టు కట్టడం. ఐదుగురు స్నేహితులు ఒకే సిరీస్ తీసుకుని నెలకొకరు ఒక్కో వాల్యూమ్ కొనాలి. మీ జట్టుకి 12 నుంచి 15 వాల్యూములతో పూర్తయిన సిరీసే ఎంచుకోండి. వందకి పైగా ఉన్న ‘వన్ పీస్’తో మొదలుపెడితే డిగ్రీ అయ్యేదాకా చందాలే. ఎవరు కొన్నది వాళ్ళదే అని మొదట్లోనే అనుకోండి, ఇంటర్‌కి తలో ఊరు పోయినప్పుడు గొడవ ఉండదు. రాజమండ్రి వెళ్ళేవాళ్ళుంటే గౌతమీ గ్రంథాలయంలో అడగండి. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో కూడా కావలసిన పుస్తకాల పేర్లు రాసివ్వండి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మీ నాన్నగారు కడుతూనే ఉన్నారు.

మా పిల్లలు సొంతంగా కామిక్ గీస్తామంటున్నారు. జెరాక్స్ తీస్తే బొమ్మలు మాయమవుతున్నాయి, మాటలు పట్టడం లేదు.
— డ్రాయింగ్ మాస్టారు, అమలాపురం

మాటలు పట్టకపోవడానికి కారణం బొమ్మ ముందు గీసి మాట తర్వాత ఇరికించడం. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లీషు కొలతలతో బెలూన్ గీస్తే ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే పక్క వరస కూలిపోతుంది. అక్షరం ఒళ్ళు 4 మిల్లీమీటర్లుంటే వరసకీ వరసకీ 10 మిల్లీమీటర్లు వదలండి. ముందు పెన్సిల్‌తో గీతలు కొట్టి మాట రాయించండి, దాని చుట్టూ 3 మిల్లీమీటర్లు వదిలి బెలూన్ గీయించండి, మిగిలిన చోట బొమ్మ. బెలూన్‌కి ఎనిమిది పది మాటలు మించొద్దు. ‘వెళ్ళిపోతున్నానని చెప్పాడు’ లాంటివి తీసేసి ‘పోతున్నా’ అనిపించండి. చేతిరాతే బాగుంటుంది. నరసాపురంలో పుట్టిన బాపు అక్షరాలు ఆయన బొమ్మలంత పేరు పొందలేదా?

జెరాక్స్‌లో పోయేది పెన్సిల్ షేడింగ్. నీడ కావాలంటే అడ్డగీతలు లేదా చుక్కలు, పెన్నుతోనే. A4లో గీసి A5కి తగ్గించేటప్పుడు యంత్రంలో 71 శాతం పెడతారు, అంటే గీత కూడా అంత సన్నబడుతుంది. 0.1 పెన్ను గీతలు ఎగిరిపోతాయి, 0.5 వాడండి. జెల్ పెన్ను వద్దు. వేసవిలో మన చెమట చేతులకి అది అలికేస్తుంది. ఆరిపోయే పిగ్మెంట్ ఇంకు పెన్ను, అరచేతి కింద ఒక మడత కాగితం. రబ్బరు పెట్టేది ఇంకు పూర్తిగా ఆరాకే.

మొదటి పనిగా ఒకే A4 కాగితంతో ఎనిమిది పేజీల పుస్తకం చేయించండి. కాగితాన్ని ఎనిమిది గడులుగా మడిచి విప్పండి. అడ్డంగా సగానికి మడిచి, మడత వైపు నుంచి మధ్య గీత మీద ఒక గడి మేర కత్తిరించండి. విప్పి పొడవుగా మడిచి రెండు చివరలూ లోపలికి నెడితే పుస్తకం అవుతుంది. గీసేముందు ఖాళీ కాగితాన్ని ఇలా మడిచి పేజీలకి అంకెలు వేసి విప్పి చూడాలి. ఒక వరస పేజీలన్నీ తలకిందులుగా ఉంటాయి. ఇది చెయ్యకుండా గీసినవాళ్ళ కథ నాలుగో పేజీ నుంచి బోర్లాపడుతుంది.

కథకి రాకాసులూ రాకెట్లూ వద్దు, మొదటిసారికి సఖినేటిపల్లి రేవు చాలు. గోదావరి దాటించే పంటు వచ్చే ముందు, బైకులు ఎక్కుతుండగా, నడిమధ్యలో, నరసాపురం గట్టు దగ్గరికి వచ్చాక. ఎనిమిది పేజీల్లో ఒక మాట కూడా లేకుండా చెప్పమనండి. తెలుగు పుస్తకం కాబట్టి ఎడమ నుంచి కుడికే గీయాలి. మాంగా మోజులో కుడి నుంచి గీస్తామంటారు, ఒప్పుకోకండి.

మొన్న వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చి కామిక్స్ పెట్టె తడిసింది. బాగవుతాయా?
— లంక గ్రామం, పి.గన్నవరం మండలం

వెంటనే దిగితే చాలావరకు బాగవుతాయి. రెండు రకాలుగా విడదీయండి. మాంగాది గరుకు కాగితం, ఆరితే కొంచెం ఉబ్బినా విడివిడిగా వస్తుంది. నున్నటి మెరుపు కాగితం మీద అచ్చయిన రంగుల కామిక్స్‌కి తొందరెక్కువ. తడిగా ఉన్నప్పుడే పేజీ పేజీకి మధ్య పల్చటి తెల్ల కాగితం పెట్టాలి. ఒకసారి అతుక్కుని ఆరితే ఇంక విడవవు, లాగితే బొమ్మ అవతలి పేజీతో వెళ్ళిపోతుంది.

బురద ఉంటే మూసిన పుస్తకాన్నే మంచినీళ్ళలో జాడించండి, తెరిచి కడగొద్దు. గరుకు కాగితపువాటికి పదిహేను పేజీలకొక కాగితం పెట్టి ఫ్యాను కింద నిలబెట్టి, రెండు మూడు గంటలకోసారి ఆ కాగితాలు మార్చండి. ఎండలో వేస్తే వంకర్లు తిరిగి జిగురు విరుగుతుంది. అన్నీ ఒక్కసారి చెయ్యలేకపోతే మిగిలినవి ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్ పైభాగంలో గడ్డకట్టే చోట పెట్టండి, బూజు ఆగుతుంది. కరెంటు లేకపోతే మెరుపు కాగితం వాటినే ముందు చూసుకోండి, మాంగా ఒక పూట ఆగగలదు.